చెక్కుచెదరని బొమ్మరిల్లు

మా మామయ్యగారు బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో నాణ్యతా తనిఖీ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశారు గానీ, తనిఖీకి మాత్రం విరమణ ఇవ్వలేదు. సంతలో కొన్న వంకాయ మొదలుకొని పెళ్లి సంబంధాల దాకా ఆయన పరీక్షకు నిలబడకుండా గడప దాటి లోపలికి వచ్చినది ఏదీ లేదు. అల్లుడి విషయంలో ఫలితం ఇప్పటికీ ప్రకటించలేదు. అందువల్ల, ఇంకా మూడేళ్లు నిండని మా అమ్మాయికి ఆట సామాను కొనాలన్న మాట ఇంట్లో పుట్టగానే, అది నాలుగు కాలాలు మన్నేదిగానూ, పెట్టిన డబ్బుకు న్యాయం చేసేదిగానూ ఉండి తీరాలంటూ ఆ బాధ్యతను ఆయన తనంతట తానే నెత్తికెత్తుకున్నారు.

కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో దిగి, బేగంబజార్ చేరేసరికి ఆయన లాల్చీ జేబులో ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క ఉంది. ఆట వస్తువుల భద్రతా పరీక్షలో వాడే గొట్టానికి లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు ఉంటుందనీ, ఏ భాగమైనా అందులో పూర్తిగా ఇమిడిపోతే అది మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డుపడగలదనీ దారి పొడవునా వివరించారు. సరిగ్గా ఆ కొలత గల ముక్క కోసం ప్లంబింగ్ దుకాణాల వారిని ఎంత విసిగించారో మాత్రం వివరించలేదు.

దుకాణంలో వంటింటి సెట్లూ, డాక్టరు సెట్లూ, పట్టాలతో సహా రైళ్లూ కుప్పలుగా ఉన్నాయి. మామయ్యగారు ఒక్కొక్క డబ్బా విప్పించి, పొయ్యి మీటనూ, టమాటాను, స్టెతస్కోపు మూతనూ వరుసగా గొట్టంలోకి జారవిడిచారు. అన్నీ జారిపోయాయి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి కనుక, ముద్ర ఉన్న ప్రతి డబ్బా మీదా లైసెన్సు నంబరును ఫోనులో, ఆ ముద్ర ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూశారు. సెల్లు పెట్టే అరకు మర లేని బొమ్మను చూసినప్పుడైతే, బటన్ సెల్ మింగితే పిల్లల అన్నవాహిక లోపల కాలిపోతుందని చుట్టూ ఉన్న కొనుగోలుదారులకు ఉపన్యాసమే ఇచ్చారు. ఆ మాటలో అక్షరం తప్పు లేదు గానీ, విన్నవారిలో ఇద్దరు కొనకుండానే వెళ్లిపోయారు. దుకాణదారు చేతులు జోడించి, "సార్, మీరు సర్కారు మనిషా, గిరాకీనా, ముందు అది చెప్పుండ్రి" అన్నాడు.

అక్కడి నుంచి ఒక పెద్ద మాల్‌కు వెళ్లాం. అక్కడ లెగో ఇటుకలను చూసి ఆయన ముఖం వికసించింది. 1958 నాటి ఇటుక నేటి ఇటుకతో ఇప్పటికీ అతుక్కుంటుందనీ, చిన్నపిల్లల కోసం 1969లో తెచ్చిన డూప్లో ఇటుక పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిలోనూ రెండింతలు ఉన్నా మామూలు ఇటుకతో కలిసిపోతుందనీ, తయారీ అంటే అదీ అనీ ఆయన గద్గద స్వరంతో చెప్పారు. తరువాత ధర చీటీ చూసి, ఆ డబ్బాను నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా అరలో పెట్టేశారు.

అత్తయ్యగారి అభిప్రాయం మొదటి నుంచీ ఒక్కటే: ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా లక్కపిడతలను మించిన ఆట సామాను లేదు. ఆమె చిన్ననాటి ఏటికొప్పాక పిడతలు, అంకుడు కర్రతో చేసి లక్క పూసినవి, ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. వాటికి ఐఎస్‌ఐ ముద్ర లేదని మామయ్యగారు అభ్యంతరం చెప్పారు. అయితే నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకూ ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉందనీ, ఏటికొప్పాకకు 2017లోనే ఆ గుర్తింపు వచ్చిందనీ ఆయనే వెతికి తెలుసుకొని, ఆ సంగతిని రెండు రోజులు దాచి, మూడో రోజు ఒప్పుకున్నారు. చిన్నవాటిని గొట్టంలో వేసి తీసేశాక, పెద్ద పిడతలు అమ్మాయి చేతికి వచ్చాయి.

అంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. మియాపూర్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం తమ పిల్లలు ఆడుకున్న ప్లాస్టిక్ బొమ్మరిల్లును సగం ధరకు ఇస్తామన్నారని తెలిసింది. ఇద్దరు పిల్లల చేతిలో బతికి బయటపడిన వస్తువుకు వేరే పరీక్ష అక్కరలేదని మామయ్యగారు తీర్పు చెప్పారు, ఆ తీర్పుతో నేను నేటికీ ఏకీభవిస్తాను. పాలిథిలీన్ పొడిని అచ్చులో పోసి, వేడి చేస్తూ గుండ్రంగా తిప్పి చేసిన రకం అది; గోడల్లో అతుకు ఉండదు, మూలలు పలచబడవు. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కనుక డాబా మీద పెట్టరాదని నిర్ణయించి, ట్రాలీ ఆటోలో తెచ్చి, మా అపార్టుమెంటు సెల్లారులో నీళ్ల మోటారుకు దూరంగా ఒక మూల దించాం.

మరలన్నీ లోపలి వైపు నుంచి బిగించవలసినవి. మామయ్యగారు మధ్యలో పీట వేసుకొని స్క్రూడ్రైవరుతో కూర్చోగా, నేనూ వాచ్‌మనూ నాలుగు గోడలనూ ఆయన చుట్టూ నిలబెట్టాం. ఆయన బిగించి, "ఇక కప్పు వేయండి" అని ఆజ్ఞాపించారు. వేశాం. నాలుగు మూలలా నాలుగు కొక్కేలు టక్కుటక్కున పడ్డాయి, మరల తలలు కప్పు అంచు కిందికి వెళ్లిపోయాయి. మామయ్యగారు ఆ శబ్దాన్ని మెచ్చుకున్నారు. ఆ తరువాత బయటికి రాబోయారు.

తలుపు తలకూ భుజాలకూ దారి ఇచ్చింది, పొట్టకు ఇవ్వలేదు. మోకాళ్ల మీద పాకవద్దని డాక్టరు చెప్పి ఉన్నారు. కప్పు లేవాలంటే నాలుగు కొక్కేలనూ లోపలి నుంచి ఒకేసారి నొక్కాలి. ఆయనకున్నవి రెండు చేతులు. వాచ్‌మన్ గడ్డపార తెచ్చి అంచున పెట్టి బలంకొద్దీ ఎత్తినా గీత కూడా పడలేదు. చిన్న కిటికీలోంచి మామయ్యగారి ముఖం వెలిగిపోతూ, "చూశారా అల్లుడుగారూ, మందం!" అంది. రంపంతో కోద్దామని ఎవరో అనగానే ఆ ముఖం ఎర్రబడి, "వస్తువు మీద చెయ్యి పడితే ఊరుకోను" అని గర్జించింది.

మిగతా రెండు కొక్కేలు నొక్కడానికి లోపలికి పట్టగలిగినవారు పిల్లలే కనుక, వారిని పంపాం. ముందుగా వెళ్లిన మా అమ్మాయి తలుపు గడియ వేసి, తాతయ్యకు లక్కపిడతలో ఇడ్లీ వడ్డించింది. వెనకాలే వచ్చిన పై అంతస్తుల పిల్లలకు గడియ తీసింది గానీ, వాళ్లూ వంటలోనే పడ్డారు. మామయ్యగారు ఎలాగో చెరొక మూలా ఒకరిని నిలబెట్టి, "ఒకటి, రెండు, మూడు" అని అరిచారు. కొత్తగా అంకెలు నేర్చిన బృందమంతా ఒక్క గొంతుతో "నాలుగు, ఐదు, ఆరు" అంటూ ఇరవై దాకా వెళ్లింది. ఎవరూ నొక్కలేదు.

అప్పుడు అత్తయ్యగారు దండెం మీది బట్టల క్లిప్పులు రెండు తెచ్చి కిటికీలోంచి అందించారు. "రెండు కొక్కేలు నొక్కి వీటితో బిగించండి, మిగతా రెండూ చేతులతో నొక్కండి. వీటికి ఐఎస్‌ఐ ముద్ర లేదు, అయినా పట్టుకోండి" అన్నారు. కప్పు లేచింది. మామయ్యగారు నిలబడి, నడుము పట్టుకొని, ముందుగా కొక్కేలలో ఏదైనా వంగిందేమోనని చూసుకున్నారు.

గుంపులో ఉన్న మూడో అంతస్తు ఆయన ఇలాంటిదే తమ అబ్బాయికి కొనాలనుకుంటున్నానని అనడంతో, మామయ్యగారు నొప్పి మరచి, గోడల మందం నుంచి సెల్లారు నీడ దాకా, వాడినది కొనడం ఎందుకు లాభమో కూడా కలిపి, సాంతం బోధించారు. ఆయన చేతులు కట్టుకొని శ్రద్ధగా అంతా విని, నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "తలుపు వెడల్పు ఎంతండీ? వచ్చే వారం మా మామగారు దిగుతున్నారు" అన్నాడు.