పేరావైజ్ రిమార్కులు

పస లేని కేసును సర్కారు వకీళ్లు నిలబెట్టగలరా అని అనంతపురం కోర్టు బయట టీ తాగేవాళ్లు వాదించుకుంటున్నారు. నిస్సందేహంగా నిలబెట్టగలరని నా అభిప్రాయం. కాకపోతే బీరువాలో.

సర్కారు బలాన్ని తక్కువ అంచనా వేయరాదు. మీరిచ్చిన చేబదులు రాబట్టుకోడానికి దావా గడువు మూడేళ్లు. అదే సర్కారు వేసే దావాకైతే 1963 నాటి కాలపరిమితి చట్టం 30 ఏళ్లిచ్చింది. మీరు సర్కారు మీద దావా వేయాలంటే రెండు నెలల ముందు నోటీసు. గెలిస్తే, అమలుకు ఇంకో మూడు నెలలు ఓపిక. జీపీలనే సర్కారు వకీళ్లు, వాళ్ల కింద ఏజీపీలు, పైన అడ్వకేట్ జనరల్ దీనికి అదనం.

మా పక్కూరి మామ నాలుగెకరాల బుడ్డల (వేరుశనగ) చేను కాలువ కింద పోయింది. పరిహారం చాలదని కోర్టుకెక్కినాడు. కోర్టు సర్కారును కౌంటర్, అంటే జవాబు, అడిగింది. పేరావైజ్ రిమార్కులు, అంటే మామ రాసిన ఒక్కో పేరాకు బదులు, పంపమని జీపీ గారు ఆఫీసుకు రాసినారు. ఆఫీసు తహసీల్దారుకు, తహసీల్దారు ఆర్ఐకి, ఆర్ఐ వీఆర్వోకు. ఆయన ఒకటే ముక్క రాసినాడు: "పేరా 1 నుంచి 14 వరకు నిజం కాదు, ఒప్పుకోము." పేరా 1లో ఉన్నది మామ పేరు, తండ్రి పేరు, వయసు.

"ఏంది అల్లుడా, మా నాయన మా నాయన కాదంటాండారే?"

"సర్కారు లాయర్లు మామా. నిరూపించినా నిరూపిస్తారు."

మామ గెలిచినాడు. సర్కారు అప్పీలుకు పోయింది, గడువు దాటినాక. ఇది మన ఒక్కరి ఘనత కాదులెండి. 2020లో మధ్యప్రదేశ్ సర్కారు 663 రోజులు ఆలస్యంగా వస్తే, 25 వేలు ఖర్చుల కింద కట్టమంది సుప్రీంకోర్టు. ఇట్లాంటివాటికి 'సర్టిఫికెట్ కేసులు' అని పేరు కూడా పెట్టింది. సుప్రీంకోర్టే కొట్టేసింది, ఇంక మా చేతుల్లో ఏం లేదని కాగితం చూపించుకోడానికి వేసేవన్నమాట.

ఇందులోని తెలివి బయటోళ్లకు ఎక్కదు. కేసులో పస లేదు, డబ్బు కట్టేద్దామని ఫైలు మీద సంతకం పెట్టినాయన్ను ఆడిట్టోళ్లు అడుగుతారు, ఎంత ముట్టిందని పక్క సీటోళ్లు అడుగుతారు. అదే పై కోర్టు దాకా పోయి ఓడి కట్టినాయన్ను పలకరించేవాడుండడు. కాబట్టి కేసెంత బలహీనమో అప్పీలు అంత అవసరం.

పైగా దీనివల్ల రైతుకే లాభం. అప్పట్లో అమల్లో ఉన్న 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం, కోర్టు పెంచిన పరిహారం మీద వడ్డీ, భూమి పోయిన మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం. ఏ బ్యాంకు ఇస్తుంది? బుడ్డలేసిన ఏ ఏడూ మామ అంత కళ్లజూడలేదు. వకీళ్లు వాయిదా అడిగినప్పుడల్లా ఖజానా వాళ్లకు ఫీజు, మామకు వడ్డీ రాసుకుంటా పోయింది. చెల్లించడం మాత్రం మర్చిపోయింది.

ఆఖరికి మొన్న కోర్టు అమీనా ఆఫీసు సామాన్లు జప్తు చేయడానికి వచ్చినాడు, వెనకాలే మామ. బీరువాలు, ఫ్యాన్లు, ఒక కంప్యూటర్, కుర్చీలు లెక్క రాస్తుంటే సూపరింటెండెంటు గబగబా ఒక కుర్చీ లాగి వేసినాడు. పదహైదేండ్లు ఆ వరండాలో నిలబడిన మనిషికి మొదటిసారి.

"కూర్చో పెద్దాయనా."

మామ కుర్చీ చెయ్యి పట్టుకొని ఊపి చూసినాడు. ఒక కాలు కుంటి.

"ఉండనీ సార్. జప్తులో రాసినారు కదా, బాగు చేపిచ్చుకొని ఇంటికాడ కూర్చుంటాలే."