ఒక్క రాత్రి జమీందారీ

జమీందారీ రద్దయిందని చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదివాం, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి కోస్తాలో జమీందార్లు పోయారు. 1949లో హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు పోయాయి. 1971లో రాజ్యాంగాన్ని సవరించి మరీ రాజభరణాలు తీసేశారు. ఇంత శ్రమపడి రద్దు చేసిన దొరతనం ఇప్పుడు హెరిటేజ్ హోటళ్ల రూపంలో ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. మధ్యాహ్నం రెండు నుంచి మర్నాడు పదకొండు దాకా, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి. గది అద్దె రోజుకు 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ. తాతల కాలంలో దొరకు శిస్తు కట్టేవాళ్లం. ఇప్పుడు దొరగా ఉన్నందుకు మనమే శిస్తు కడుతున్నాం. ఇది ప్రగతి కాదనే ధైర్యం నాకు లేదు.

ఈ సదుపాయాన్ని వెక్కిరించేవాళ్లూ ఉన్నారు. "డబ్బులిచ్చి పాత కొంపలో పడుకోవడమేంటి?" అంటారు. వాళ్ల మాట నాకు బొత్తిగా నచ్చదు. స్వాతంత్ర్యం రాగానే అందరికీ ఓటు ఇచ్చేశాం, ఆ హామీ తీరిపోయింది. ఆ తర్వాత రావలసింది అందరికీ ఒక రాత్రి దివాణం. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ లేకపోయినా క్రెడిట్ కార్డు కంపెనీల చొరవతో అది ఈఎంఐ మీద అమలైపోతోంది. ఒక్క ధర్నా జరగలేదు, ఒక్క బస్సు తగలబడలేదు.

అసలు హెరిటేజ్ హోటల్ అంటే ఏది? కేంద్ర పర్యాటక శాఖ దీనికి నిబంధనలు రాసిపెట్టింది. కోటో, ప్యాలెస్సో, హవేలీయో, వేట బంగళానో, ఏదైనా సరే, 1950కి ముందు కట్టింది అయ్యుండాలి. తేదీ ఒక్కటే చూస్తే మా పెదనాన్నగారి పెంకుటిల్లు కూడా పాసవుతుంది. మండువాలో వాన పడుతుంది. తలుపు తోస్తే కిర్రుమంటుంది. స్నానాల గది పెరట్లో ఉంటుంది. రాత్రిపూట అటక మీద ఏదో పరుగెత్తుతుంది. ఈ నాలుగు కారణాలూ చెప్పే పిల్లలంతా ఫ్లాట్లకు వెళ్లిపోయారు. ఆ పిల్లలే ఇప్పుడు సెలవులకు రాజస్థాన్ వెళ్లి, వాన పడే నడిమింటి పక్కన కుర్చీ వేయించుకుని, కిర్రుమనే తలుపును వీడియో తీసి స్టేటస్ పెడుతున్నారు. అటక మీద పరుగెత్తేదాని సంగతి రిసెప్షన్‌లో అడిగితే అది రాజావారి కాలం నుంచీ ఉందని గర్వంగా చెబుతారు.

పెదనాన్నగారి తర్వాత ఆ ఇంటి టేకు ద్వారబంధాలు, స్తంభాలు పాత కలప కొనేవాళ్లు లారీలో వేసుకుపోయారు. అవి ఎటు పోయాయని ఇంట్లో ఎవరూ అడగలేదు. తమిళనాడులోని కారైక్కుడిలో పాత సామాన్ల అంగళ్లు చూస్తే ఊహకు అందుతుంది. చెట్టినాడు ఇళ్ల స్తంభాలు, ఉయ్యాల బల్లలు, ఇత్తడి గంగాళాలు, ఎవరి ముత్తాతో తెలియని ముత్తాతల ఫొటోలు, అన్నీ బేరానికి సిద్ధంగా ఉంటాయి. మా గడప కూడా ఏదో రిసార్టులో పాలిష్ పెట్టించుకుని బల్లగా మారే ఉంటుంది. మా వదిన ఏ సెలవుల్లోనో దాని మీదే ఆధార్ జిరాక్స్ పెట్టి సంతకం చేసి, "ఎంత బావుందో చూశారా ఈ చెక్క, ఇప్పుడిలాంటివి ఎక్కడ దొరుకుతాయండీ!" అనే ఉంటుంది.

దొర బతుకు ఎంత ఖరీదో తెలుసుకోవడానికి ఊరు దాటి పోనక్కర్లేదు. చార్మినార్‌కు దక్షిణాన కొండ మీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. ‘పైగా’ అనే నవాబుల వంశానికి చెందిన వికార్ ఉల్ ఉమ్రా 1884లో పని మొదలుపెట్టించి దాదాపు పదేళ్లు కట్టించాడు. భోజనాల బల్ల ముందు ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. అంతమందిని పిలిచే ఇల్లు కట్టేసరికి ఆయన అప్పుల్లో కూరుకుపోయాడు. ఆ సమయంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా వచ్చాడు. ఇల్లు నచ్చింది. ఉన్నాడు, ఇంకా ఉన్నాడు. ఇక ఇంటాయన మర్యాదకు "ఇది తమరిదే అనుకోండి" అన్నాడనీ, నిజాం నిజంగానే అలా అనుకున్నాడనీ, తర్వాత ఖజానా నుంచి సొమ్ము ఇప్పించాడనీ హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. నా అభిప్రాయంలో హోటల్ రంగం మొత్తం ఈ ఒక్క ఉదంతం నుంచే పాఠం నేర్చుకుంది. పదకొండింటికి గది ఖాళీ చేయమని రిసెప్షన్ నుంచి వచ్చే ఆ తియ్యటి ఫోన్ దాని ఫలితమే. "మీ ఇల్లే అనుకోండి సార్" అని ఇప్పుడూ అంటారు, కాకపోతే కార్డు గీకి డిపాజిట్ పట్టుకున్నాక అంటారు.

ఆ భవనం 2010 నుంచి తాజ్ వాళ్ల హోటల్. గేటు దగ్గర నుంచి గుర్రపు బగ్గీలో పైకి తీసుకెళ్తారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రపంచంలోనే పెద్ద ధనవంతుడని పేరుపడ్డవాడు, జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నవాడు. ఆయన మాత్రం బతుకులో చాలా భాగం కింగ్ కోఠీ భవనంలో గడిపేశాడు. ఆయన పొదుపు గురించి పాతబస్తీలో ఎవరిని కదిపినా ఒక కథ చెబుతారు. స్వయానా నిజాం వద్దనుకున్న వైభోగాన్ని శనివారం సాయంత్రం మాదాపూర్ నుంచి బయలుదేరి, ట్రాఫిక్‌లో రెండు గంటలు మగ్గి, మనం అనుభవించి వస్తున్నాం.

తెలంగాణ పల్లెల్లో గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్ల మనవలం మనలో చాలామందిమి. ఇప్పుడు చెప్పులు విప్పమనేది స్పా దగ్గర మాత్రమే. దర్జా విషయంలో చిన్న ఇబ్బంది ఒకటుంది. హోటల్ గుమ్మంలో ఎర్ర తలపాగా, మెలితిప్పిన మీసం, బంగారు గుండీల కోటుతో ఒకాయన నిలబడి వంగి నమస్కారం పెడతాడు. ఆయన పక్కన మనం నిక్కరు, గోవాలో కొన్న టీషర్టు, భుజాన మురుకుల డబ్బా ఉన్న సంచీతో నిలబడి ఫొటో దిగుతాం. ఇందులో దొర ఎవరో చెప్పమని ఎవరినడిగినా తడుముకోకుండా ఆయన్నే చూపిస్తారు. పైగా ఆయనకు టిప్పు ఇవ్వాలంటే భయం. అంత మీసానికి వంద రూపాయలు ఇస్తే బావుంటుందా?

ప్యాలెస్ అందనివాళ్లకు కాఫీ ఎస్టేట్ ఉంది. లాంగ్ వీకెండ్ వస్తే బెంగళూరులో ఉన్న మనవాళ్లంతా కొడగు బాట పడతారు. తెల్లవారుజామున లేచి, మైసూరు దాటి, ఘాట్ రోడ్డులో పిల్లల వాంతులు పట్టుకుంటూ మడికేరి చేరి, అక్కడ బెంగళూరులో వదిలొచ్చిన ట్రాఫిక్‌నే మళ్లీ కలుసుకుంటారు. బంగళాలు అందంగానే ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ఎర్ర పెంకులు, చుట్టూ వరండా, పడక కుర్చీ, సిల్వర్ ఓక్ చెట్ల మీదికి పాకిన మిరియం తీగలు. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడితే వారం పది రోజులకు తోటంతా ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది. గాలి నిండా మల్లెల లాంటి వాసన. నాలుగు రోజుల్లో అంతా అయిపోతుంది. ఆ నాలుగు రోజులు ఎప్పుడొస్తాయో తోట యజమానికీ తెలియదు, కాఫీ బోర్డుకీ తెలియదు. మనవాళ్లు మాత్రం జనవరిలోనే బుక్ చేసుకుని వెళ్లి, "పూలేవండీ? వెబ్‌సైట్‌లో ఉన్నాయిగా!" అని మేనేజర్‌ను నిలదీస్తారు.

వానాకాలంలో వెళ్తే పూల బదులు జలగలు. సాక్సులో దూరి, కడుపునిండా తాగి, చప్పుడు చేయకుండా రాలిపోతాయి. జమీందార్లు పేదల రక్తం పీల్చారని మైకుల్లో ఎన్ని ఉపన్యాసాలు విన్నాం! ఆ పాత బాకీ వసూలుకు కొడగు అడవి చేసిన ఏర్పాటు నాకు న్యాయంగానే తోచింది.

సాయంత్రం ప్లాంటేషన్ వాక్ ఉంటుంది. గైడు ఒక పండు కోసి, నలిపి, గింజ చూపించి, సూఫీ సాధువు బాబా బుడన్ కథ ఎత్తుకుంటాడు. పదిహేడో శతాబ్దంలో ఆయన హజ్ యాత్ర నుంచి వస్తూ యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. రేవులో ఎవరూ ఆయన సంచీ వెతకకపోవడం వల్ల దక్షిణ భారతమంతా ఈరోజు పొద్దున్నే మంచం దిగగలుగుతోంది. ఈ కథ శ్రద్ధగా విని, చలించిపోయి, కాఫీ తోట గాలి పీల్చుకుంటూ గదికి వస్తాం. గదిలో ఒక కెటిల్, రెండు కప్పులు, రెండు ఇన్‌స్టంట్ కాఫీ సాషేలు ఉంటాయి. వాటి పక్కన పాలపొడి. మన దేశంలో పండే కాఫీలో పెద్ద భాగం ఎగుమతి అయిపోతుంది. మంచి గింజ ఇటలీకీ జర్మనీకీ పోతే దొరగారికి సాషే మిగిలింది. రూమ్ సర్వీసుకు ఫోన్ చేసి మా బావగారు అడిగారు: "బాబూ, కాఫీ ఎస్టేట్ కదా, కాస్త ఫిల్టర్ కాఫీ పంపగలవా?" అవతలి నుంచి హిందీలో జవాబొచ్చింది: "సార్, టీ చాలా బావుంటుంది." ఆ కుర్రాడిది అస్సాం. అతని సలహాలో తప్పేమీ లేదు.

ఆ వాక్‌లో గైడు చూపించని వరస ఒకటి ఉంటుంది. లైన్ ఇళ్లు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పండు కోసేవాళ్లు ఉండేది వాటిలోనే. ఒకే కప్పు కింద వరసగా గదులు, ముందు బట్టల తీగ. అవీ 1950కి ముందు కట్టినవి చాలానే ఉంటాయి గానీ, వాటికి హెరిటేజ్ సర్టిఫికెట్ కోసం ఎవరూ దరఖాస్తు పెట్టినట్టు వినలేదు.

అరకులో ఈ పద్ధతి కొంచెం వేరు. అక్కడ కాఫీ పండించేది చిన్న చిన్న కమతాల గిరిజన రైతులు. దొర లేడు గనుక ఆ ఖాళీని అతిథులే భర్తీ చేయాలి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. విశాఖ నుంచి అద్దాల బోగీలో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, లెక్క తప్పి, దిగి, బొంగులో చికెన్ తిని, రాత్రి రిసార్టులో క్యాంప్‌ఫైర్ దగ్గర కూర్చుంటాం. గిరిజనుల థింసా నాట్యం మొదలవుతుంది. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, ఒకే అడుగు మీద, పాము కదిలినట్టు వలయం తిరుగుతుంటారు. సరిగ్గా అప్పుడే మా బృందంలో ఒకాయన రన్నింగ్ షూలతో మధ్యలో దూరాడు. గొలుసు ఎక్కడికక్కడ తెగింది. వాళ్లు నవ్వి, ఆయన చేతులు సరిగ్గా పెట్టి, మళ్లీ మొదటి అడుగు నుంచి నేర్పారు. ఆయనకు రాలేదు. వీడియో మాత్రం బాగా వచ్చింది.

ఫోన్లో సిగ్నల్ లేదని ఆయన తెగ సంబరపడ్డాడు. డిజిటల్ డీటాక్స్ అట, ప్యాకేజీలో భాగమట. పక్క కొండ మీది గూడేల్లో రేషన్‌కు వేలిముద్ర పడాలంటే సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. వాళ్లకు ఆ డీటాక్స్ ఏడాది పొడుగునా ఉచితం. రోడ్డు లేకపోతే రిసార్టులో జీపు ఎక్కించి కుదిపి మనిషికింత అని వసూలు చేస్తారు. గూడెంలో రోడ్డు లేకపోతే నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తారు. ఈ విషయం క్యాంప్‌ఫైర్ దగ్గర ఎత్తితే మూడ్ పోతుందని నన్ను వారించారు. సరేనని బొంగులో చికెన్ ఇంకొంచెం వేయించుకున్నాను.

ఇంత దొరతనం వెలగబెట్టాక చివరి రోజు శిస్తు వసూలు ఉంటుంది. షాంపూ సీసాలు, సబ్బులు, దువ్వెన, కుట్టుపని డబ్బీ, ఇంట్లో ఎవరూ వేసుకోని తెల్ల చెప్పులు, వదిలేద్దామనుకున్న ఆ రెండు సాషేలు. అన్నీ సంచీకి చేరతాయి. తర్వాత కారులో కూర్చుని రివ్యూ రాయాలి. ఈ పని మా అత్తయ్యగారిది. ఆవిడ ఒక పాత దివాణం హోటల్‌కు రెండు స్టార్లు ఇచ్చి ఇలా రాశారు: "బిల్డింగ్ బాగా పాతది. మెట్లు ఎక్కువ. పావురాల గోల. గోడ మీద రాజుగారి ఫొటో రాత్రంతా మమ్మల్నే చూస్తోంది, తీసేయమంటే తీయలేదు. ఇడ్లీ పర్వాలేదు." సాయంత్రానికల్లా యాజమాన్యం జవాబిచ్చింది: "గౌరవనీయులైన అతిథి గారూ, భవనం పాతగా ఉన్నందుకు చింతిస్తున్నాం. ఈసారి మీరు వచ్చినప్పుడు ఫొటో లేని గది ఇస్తాం. దానికి అదనపు చార్జీ ఉంటుంది."