కొత్త ఖండం అతికిస్తే విస్తరణ అయిపోదు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ మీద ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఇరవై ఏళ్లుగా చేస్తున్నది ఒకటే. మ్యాప్ పక్కన ఓ కొత్త ఖండం అతికిస్తారు, లెవెల్ పది పెంచుతారు, డబ్బులు వసూలు చేస్తారు. పాత ప్రపంచం ఎక్కడిదక్కడే ఉంటుంది. కొత్తగా చేరేవాడు అదంతా మొదటి నుంచీ ఆడుకుంటూ రావాల్సిందే." డబ్బు మాట వాస్తవమే, ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కు చేర్చే పెద్ద కొత్త భాగం) కొనాల్సిందే. మిగతాదంతా తప్పు. ఈ గేమ్‌లో నిజంగా బాధపెట్టే విషయాన్ని ఇది కప్పిపెడుతోంది కాబట్టి, జవాబు చెప్పక తప్పదు.

"పాత ప్రపంచం ఎక్కడిదక్కడే ఉంటుంది." 2004 నవంబరులో గేమ్ మొదలైనప్పుడు ఉన్నవి రెండు ఖండాలు, కాలిమ్‌డోర్, ఈస్టర్న్ కింగ్‌డమ్స్. 2010 డిసెంబరులో వచ్చిన కాటాక్లిజం అనే ఎక్స్‌పాన్షన్ ఆ రెండింటినీ తిరగరాసింది. బారెన్స్ అనే ప్రాంతం రెండు జోన్లుగా చీలింది. థౌజండ్ నీడిల్స్ లోయ నీట మునిగింది. లాక్ మోడన్ ఆనకట్ట తెగి చెరువు ఖాళీ అయింది. డార్క్‌షోర్‌లోని ఆబర్‌డైన్ ఊరు శిథిలమైంది. వీటితోపాటు పాత క్వెస్టులు (ఆటగాడికి అప్పగించే పనులు) వందల కొద్దీ పోయాయి.

దగ్గరగా చూడాలంటే స్టార్మ్‌విండ్ నగరంలో ఒక్క చోటు చాలు. మొదట అక్కడ నైట్ ఎల్ఫులు అనే జాతివాళ్లుండే పార్క్ ఉండేది, చెట్లు, మధ్యలో మూన్‌వెల్ అనే పవిత్రమైన కొలను. 2010లో డెత్‌వింగ్ అనే డ్రాగన్ దాన్ని కాల్చేస్తే మాడిన గొయ్యి మిగిలింది. ఆరేళ్ల పాటు ఆటగాళ్లు ఆ గొయ్యి పక్కనుంచే నడిచారు. 2016లో లీజియన్ ఎక్స్‌పాన్షన్‌తో అదే చోట రాజు వేరియన్ స్మారకం, లయన్స్ రెస్ట్, వెలిసింది. నేల ఒకటే, రూపాలు మూడు. దీన్ని అతికింపు అని ఎలా అంటాం?

రెయిడ్ల (పెద్ద గుంపుగా కలిసి చేసే దాడుల) సంగతీ అంతే. నాక్స్‌రమస్ మొదట 60వ లెవెల్ వాళ్లు నలభై మంది కలిసి చేసే రెయిడ్, ఈస్టర్న్ ప్లేగ్‌ల్యాండ్స్ పైన ఉండేది. 2008లో దాన్ని అక్కడి నుంచి ఎత్తేసి, 80వ లెవెల్‌కు మార్చి, నార్త్‌రెండ్‌లో పెట్టారు. దాంతో అతియేష్ అనే అరుదైన మాయా కర్ర సంపాదించే దారి మూసుకుపోయింది. జుల్‌గురూబ్ రెయిడ్‌ను తీసేసి, 2011లో ఐదుగురు చేసే చిన్న దాడిగా, అంటే డన్జన్‌గా తెచ్చారు. మిస్ట్స్ ఆఫ్ పండారియా ఎక్స్‌పాన్షన్‌లోని లెజెండరీ క్లోక్ (అత్యంత అరుదైన అంగీ) క్వెస్టు 2014 అక్టోబరు ప్యాచ్‌తో (గేమ్ అప్‌డేట్‌తో) పోయింది. ఏం చేర్చారన్నది పెట్టె మీద అచ్చేస్తారు, ఏం పోయిందన్నది మాత్రం ఆడినవాళ్లకే తెలుస్తుంది. ఫిర్యాదు చేయాల్సింది దీని మీద.

"పక్కన అతికిస్తారు." అతికించినప్పుడు అతుకు ఎక్కడ పడిందో చూడాలి. 2007లో బర్నింగ్ క్రూసేడ్ ఎక్స్‌పాన్షన్ ఔట్‌ల్యాండ్ అనే కొత్త లోకాన్ని, దానితోపాటు ఎగిరే మౌంట్లనూ (వాహనాలనూ) తెచ్చింది. కానీ పాత ఖండాల్లో ఎగరనివ్వలేదు. కారణం పిసినారితనం కాదు. ఆ ఖండాలను నేల మీద నడిచేవాడి కంటికి ఆనేలా కట్టారు. కొండల వెనక నేల లేదు, భవనాలకు వెనక గోడ లేదు. ఆ ఖాళీలన్నీ పూడ్చిన తర్వాతే, కాటాక్లిజంతో, ఎగరడానికి వీలైంది. అప్పుడు కూడా ఎవర్‌సాంగ్, ఘోస్ట్‌ల్యాండ్స్, అజ్యూర్‌మిస్ట్ జోన్లు మినహాయింపుగానే మిగిలాయి. మ్యాప్ మీద పాత ఖండాల పక్కనే కనిపిస్తున్నా, 2007లో వాటిని విడి మ్యాప్‌గా కట్టారు. అందుకే అక్కడికి వెళ్లేటప్పుడు లోడింగ్ స్క్రీన్ వచ్చేది.

విస్తరణ అంతా పెట్టెలో కొన్న ఎక్స్‌పాన్షన్లతోనే జరగదు కూడా. 2006 జనవరి ప్యాచ్ తర్వాత ఆన్‌కిరాజ్ అనే మూసి ఉన్న నగరపు ద్వారాలు తెరుచుకోవాలంటే సర్వర్‌లోని రెండు పక్షాలూ రాగి కడ్డీలు, తోలు, కట్టుగుడ్డలు పోగుచేయాలి, ఆ తర్వాత ఒకరు గంట మోగించాలి. అప్పుడు పది గంటల యుద్ధం. జనమంతా ఒకే ఎడారిలో గుమిగూడేసరికి సర్వర్లు కూలాయి. క్వెల్‌డానస్, టైమ్‌లెస్ ఐల్, ఆర్గస్, నాజ్‌జతార్ కూడా ప్యాచ్‌లతో వచ్చిన జోన్లే.

"లెవెల్ పది పెంచుతారు." క్యాప్ (చేరగల గరిష్ఠ లెవెల్) వరస చూడండి: 60, 70, 80, 85, 90, 100, 110, 120. రెండుసార్లు పెరిగింది ఐదే. 2020 అక్టోబరులో 120ని 50కి కుదించి, షాడోల్యాండ్స్ ఎక్స్‌పాన్షన్‌లో క్యాప్ మళ్లీ 60 దగ్గర పెట్టారు. చాలా లెవెళ్లకు కొత్త స్పెల్ గానీ టాలెంట్ గానీ దక్కకపోవడమే దానికి కారణం.

గేర్ (ఆయుధాలు, కవచాలు) అంకెలది ఇంకో సమస్య. కొత్త ఖండంలో దొరికే మామూలు ఆకుపచ్చ గేర్ పాత రెయిడ్ గేర్‌కు దీటుగా రావాలి, లేకపోతే కొత్తవాడు నిలబడలేడు. ప్రతిసారీ అలా పెంచుతూ పోతే అంకెలు కొండంతవుతాయి. రుణ సంఖ్యలకూ చోటు ఉంచితే 32 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. పెద్ద బాస్‌ల (ముఖ్య శత్రువుల) హెల్త్ ఆ గీతకు దగ్గరపడింది. అందుకే 2014లో ఒకసారి, 2018లో మరోసారి అంకెలను నలిపి తగ్గించారు. ఊరికే తగ్గిస్తే పాత రెయిడ్లను ఒంటరిగా చేసుకునేవాళ్లకు దెబ్బ, కాబట్టి పాత శత్రువుల మీద మన డ్యామేజ్ లోపల్లోపలే పెరిగేలా చేశారు.

"అంతా మొదటి నుంచీ ఆడాలి." అక్కర్లేదు. 2018 జులై నుంచి పాత ఎక్స్‌పాన్షన్లు నెలవారీ చందాలోనే వస్తున్నాయి. 2020 నుంచి కొత్త ఆటగాడు ఎగ్జైల్స్ రీచ్ దీవిలో పదో లెవెల్ దాకా ఆడి, అక్కడి నుంచి ఏదో ఒక్క ఎక్స్‌పాన్షన్‌లోకి వెళ్తాడు. మొదటి పాత్రకు అప్పట్లో బ్యాటిల్ ఫర్ అజెరోత్, 2024లో డ్రాగన్‌ఫ్లైట్. వేరేది కావాలనుకునే పాతవాళ్లు రాజధానిలో క్రోమీ అనే పాత్రతో మాట్లాడి ఎంచుకోవచ్చు. దీనివల్ల చిక్కేమిటంటే కథ మధ్యలో తెగుతుంది. ఎవరు ఎందుకు చచ్చారో తెలియకుండానే వాళ్ల సమాధి ముందు నిలబడాల్సి వస్తుంది.

ఇంకో చిక్కు: ఇద్దరు స్నేహితులు ఒకే చోట నిలబడ్డా ఒకరికొకరు కనిపించరు. ఒకరు క్వెస్టు పూర్తిచేశారు, ఇంకొకరు చేయలేదు, కాబట్టి ఇద్దరికీ ఆ చోటు వేర్వేరు కాలాల్లో ఉంటుంది. ముందు గ్రూప్ కట్టి, మీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి పార్టీ సింక్ (గ్రూపును ఒకే దశకు తెచ్చే సదుపాయం) పెట్టండి. డార్క్‌షోర్, టిరిస్ఫల్, సిలిథస్ లాంటి చోట్లయితే ఇద్దరూ జిడోర్మీ అనే పాత్ర దగ్గరకెళ్లి ఒకే కాలాన్ని ఎంచుకోండి. ఆవిడ తీసుకెళ్లేది ఆ జోన్‌లో చివరిగా జరిగిన విధ్వంసానికి ముందుకు మాత్రమే, 2010కి ముందున్న ఆబర్‌డైన్‌కు కాదు. అది చూడాలంటే 2019లో విడిగా తెచ్చిన క్లాసిక్ సర్వర్లోనే చూడాలి.