ముప్ఫై పట్టీలు, ఒకటే కొలబద్ద

2019 మే నెలలో ఫెమినా మిస్ ఇండియా తుది పోటీకి ఎంపికైన 30 మంది యువతుల ఫొటోలను ఒక ఇంగ్లీషు దినపత్రిక ఒకే చోట వరసగా అచ్చువేసింది. ప్రతి ఫొటో కిందా ఒక రాష్ట్రం పేరుంది. ఆ పేర్లను చేత్తో మూసి ఏ అమ్మాయిది ఏ ప్రాంతమో చెప్పమంటే చెప్పగలిగేవారు బహుశా లేరు. ఒకే రకమైన మేనిఛాయ, భుజాల మీదికి జారిన ఒకే తీరు జుట్టు. ఆ పుట సామాజిక మాధ్యమాల్లో దేశమంతా తిరిగింది, విదేశీ వార్తాసంస్థలు కూడా దాని గురించి రాశాయి. స్టూడియో దీపాల వెలుగు, ఫొటోలకు చేసిన మెరుగులు అందులో కొంత కారణమై ఉండవచ్చు. అయినా ఆ రోజు చాలామందికి తట్టిన ప్రశ్న దీపాలకు సంబంధించింది కాదు. ఇంత వైవిధ్యమున్న దేశంలో రాష్ట్రానికొకరిని ఏరి తెచ్చిన తరువాత కూడా అందరూ ఒకే ఇంటి పిల్లల్లా ఎందుకు కనిపిస్తున్నారు?

ఈ ప్రశ్న పూర్తిగా అర్థం కావాలంటే రాష్ట్రాల పేర్లు ఈ పోటీలోకి ఎలా వచ్చాయో చూడాలి. 1964లో మొదలైన ఈ పోటీ చాలా దశాబ్దాల పాటు ప్రధానంగా పెద్ద నగరాల వ్యవహారం. 1994లో సుస్మితా సేన్ మిస్ యూనివర్స్‌గా, ఐశ్వర్యా రాయ్ మిస్ వరల్డ్‌గా గెలిచాక చిన్న పట్టణాల్లో కూడా ఆశలు చిగురించాయి. ఆశ ఎంత విస్తరించినా, దారి మాత్రం ముంబయి, ఢిల్లీ, బెంగళూరు మీదుగానే ఉండేది. 2016 విజేత ప్రియదర్శిని చటర్జీ ఉదాహరణ చాలు. ఆమె గువాహటి అమ్మాయి. జాతీయ వేదిక ఎక్కింది మాత్రం ఢిల్లీ నగర పోటీ గెలిచి, ఆ నగరం పేరుతోనే. కిరీటం వచ్చాక అస్సాం ఆమెను తన బిడ్డగా చెప్పుకొంది గానీ, అక్కడిదాకా రావడానికి అస్సాంలో ఆమెకు మెట్లు లేవు.

ఆ మరుసటి ఏడాది, 2017లో, నిర్వాహకులు పద్ధతి మార్చారు. రాష్ట్రానికొక ప్రతినిధి చొప్పున 30 మందిని ఎంపిక చేసి జాతీయ పోటీకి తేవడం అప్పటి నుంచి మొదలైంది. ఈ మార్పును తేలికగా తీసిపారేయడం అన్యాయం. ఆ ఏడాది హరియాణాకు చెందిన మానుషి ఛిల్లర్ గెలిచి, కొద్ది నెలలకే చైనాలో మిస్ వరల్డ్ కిరీటం అందుకుంది. జమ్ముకశ్మీర్, బిహార్ ప్రతినిధులు రన్నరప్‌లయ్యారు. 2018లో గెలిచిన తమిళనాడు ప్రతినిధి అనుకృతి వాస్‌ను తిరుచిరాపల్లిలో ఒంటరి తల్లి పెంచింది. 2019, 2023 కిరీటాలు రాజస్థాన్‌కు వెళ్లాయి. 2023 విజేత నందినీ గుప్తాది కోటా. 2024 విజేత నికితా పోర్వాల్‌ది ఉజ్జయిని. 2020 పోటీలో ఉత్తరప్రదేశ్ తరఫున రన్నరప్‌గా నిలిచిన మాన్యా సింగ్ తండ్రి ఆటో నడిపేవారు. రాత్రుళ్లు కాల్ సెంటర్‌లో పనిచేసి, సాయంత్రాలు అంట్లు తోమి చదువుకున్నానని ఆమె స్వయంగా చెప్పింది. జార్ఖండ్ నుంచి ఒక ఆదివాసీ యువతి, రియా తిర్కీ, 2022లో ఈ వేదిక ఎక్కింది. నగర పోటీల కాలమే కొనసాగి ఉంటే వీరిలో కొందరి పేర్లు మనకు తెలిసేవి కావేమో.

తలుపు తెరుచుకున్న మాట నిజం. గడప ఎత్తు మాత్రం తగ్గలేదన్నది నా ఫిర్యాదు.

మొదట, రాష్ట్రం అంటే ఏమిటన్నదే ఈ పోటీలో తేలని విషయం. 2022లో కర్ణాటక పట్టీ (రాష్ట్రం పేరు రాసి భుజం మీదుగా వేసే గుడ్డ) ధరించి గెలిచిన సినీ శెట్టి పుట్టింది ముంబయిలో. కుటుంబ మూలాలు కర్ణాటకవి. ఇందులో ఆమె తప్పేమీ లేదు, వలస వెళ్లిన కుటుంబాల పిల్లలకు రెండు ఊళ్లూ సొంతమే. సుస్మితా సేన్ హైదరాబాద్‌లో పుట్టిన బెంగాలీ, పెరిగింది ఢిల్లీలో. షోలాపూర్‌లోనో భివండీలోనో మగ్గాల మధ్య మూడు తరాలుగా ఉంటూ ఇంట్లో తెలుగే మాట్లాడుకునే పద్మశాలి కుటుంబంలోని అమ్మాయి రేపు పోటీకి వస్తే ఏ రాష్ట్రం పట్టీ ధరించాలి? తాతముత్తాతలది గుంటూరు, తాను పుట్టి పెరిగింది కూకట్‌పల్లి అయిన అమ్మాయి మాటేమిటి? ఇవి నిజాయితీగల చిక్కులు, వీటికి ఒక్క జవాబు లేదు. కానీ ఈ వెసులుబాటు ఆచరణలో ఎవరికి ఉపయోగపడుతుందో ఆలోచించాలి. మహానగరంలో ఉంటూ ర్యాంప్ నడక నేర్పే శిక్షకులు, పోర్ట్‌ఫోలియో తీసే ఫొటోగ్రాఫర్లు అందుబాటులో ఉన్న అమ్మాయికి తల్లిదండ్రుల రాష్ట్రం ఇంకొక అవకాశమవుతుంది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉండే అమ్మాయికి తన రాష్ట్రం తప్ప మరొకటి లేదు, ఆ ఒక్క స్థానానికి కూడా ఆమె మహానగరంతోనే పోటీ పడాలి.

రెండవది కొలబద్ద. చాలాకాలం 5 అడుగుల 5 అంగుళాలుగా ఉన్న కనీస ఎత్తును ఇటీవలి సంవత్సరాల్లో 5 అడుగుల 3 అంగుళాలకు తగ్గించారు. సగటు భారతీయ స్త్రీ ఎత్తు ఐదడుగుల చుట్టుపక్కలే ఉంటుంది. ఆ సగటు కూడా ప్రాంతాన్నిబట్టి మారుతుంది, ఈశాన్యంలో ఒక తీరు, పంజాబ్, హరియాణాల్లో ఇంకో తీరు. అంటే ఒకే అంకె కొన్ని రాష్ట్రాల్లో ఎందరినో లోపలికి రానిస్తుంది, కొన్నింటిలో దాదాపు అందరినీ బయటే నిలబెడుతుంది. రంగు సంగతి నిబంధనల్లో ఎక్కడా ఉండదు, ఉండనక్కరలేదు కూడా. 2020లో ఒక ప్రసిద్ధ క్రీము తన పేరులోంచి తెలుపును సూచించే మాట తీసేసింది. ఆ మాట తీసేయడానికి నలభై ఏళ్లకు పైగా పట్టిందంటే, అది మన ఇళ్లలో, పెళ్లిచూపుల్లో, ‘పిల్ల చామనఛాయ గానీ కళగా ఉంటుంది’ అనే మన మాటల్లో ఎంత లోతుగా దిగబడిందో ఊహించవచ్చు. ఆ ‘గానీ’ అన్న మాటను న్యాయనిర్ణేతలు పైకి అనరు. 2019 నాటి ఆ ఫొటోల పుట వారి తరఫున అనేసింది.

అన్నిటికన్నా బరువైన అడ్డంకి భాష. తుది ఘట్టంలో అమ్మాయిలు నిలబడి ప్రశ్నకు జవాబు చెప్పే ఆ అర నిమిషం చాలాసార్లు కిరీటాన్ని తేలుస్తుంది, అది ప్రధానంగా ఇంగ్లీషులో నడిచే ఘట్టం. అక్కడ పరీక్షకు నిలిచేది ఆలోచన అని చెబుతారు. కానీ పరాయి భాషలో మాటలు వెతుక్కుంటూ, కాలం కవాతు చేస్తుండగా చెప్పే జవాబులో ఆలోచన ఎంత మిగులుతుంది? బడిలో తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి తన ఊళ్లో పిల్లల చదువు గురించో, నీటి ఎద్దడి గురించో తన భాషలో చెబితే సభ కదిలిపోవచ్చు. అదే మాట ఇంగ్లీషులో తడబడితే ‘ఆత్మవిశ్వాసం లేదు’ అన్న ముద్ర పడుతుంది. 2011లో బ్రెజిల్‌లోని సావో పాలోలో జరిగిన మిస్ యూనివర్స్ పోటీలో అంగోలాకు చెందిన లైలా లోపెస్ తుది ప్రశ్నకు తన పోర్చుగీసులోనే జవాబు చెప్పింది. దుబాసీ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి వినిపించారు. ఆమే గెలిచింది. ప్రపంచ స్థాయిలో ఇది చాలాకాలంగా మామూలు విషయం.

తెలుగువారి అనుభవం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగ్గది. 2021 ఫిబ్రవరి 10న ముంబయిలో తెలంగాణ ప్రతినిధిగా మానస వారణాసి గెలిచినప్పుడు మన పత్రికలన్నీ ‘తెలుగమ్మాయి’ అని సంబరపడ్డాయి. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివి, ఆర్థిక సమాచార సంస్థలో ఉద్యోగం చేసిన అమ్మాయి. తరువాత ప్యూర్టోరికోలో మిస్ వరల్డ్ తుది 13 మందిలో నిలిచింది. ఆ గర్వం న్యాయమైనదే. దానికి మూడేళ్ల ముందు, 2018లో, హరియాణాకు చెందిన మీనాక్షీ చౌదరి మొదటి రన్నరప్‌గా, ఆంధ్రప్రదేశ్ ప్రతినిధి శ్రేయా రావు కామవరపు రెండవ రన్నరప్‌గా నిలిచారు. ఈ రోజు తెలుగు ఇళ్లలో ఎక్కువమంది గుర్తుపట్టేది హరియాణా అమ్మాయిని. మీనాక్షి కష్టపడి ఎదిగిన నటి, ఆమెను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మన సినీ పరిశ్రమ నాయికలను ఎంచుకునే కొలబద్దా, ఈ పోటీ కొలబద్దా ఒకటే అయినప్పుడు, జాతీయ పోటీ మన ప్రాంతాన్ని గుర్తించలేదని ఫిర్యాదు చేసే ముందు మనం మన తెర వైపు చూసుకోవాలి. తెలుగు పలకలేని నాయికకు మరొకరి గొంతు అరువిచ్చే మనమే, తెలుగమ్మాయి ఇంగ్లీషులో తడబడితే నొచ్చుకుంటున్నాం.

ప్రాంతాన్ని నేపథ్య దృశ్యంగా వాడుకుని వదిలేయడం ఇంకో బాధాకరమైన విషయం. 2023 ఏప్రిల్ 15న ఈ పోటీ ఇంఫాల్‌లో జరిగింది. మణిపురి నృత్యం, చేనేత, ఖుమాన్ లంపాక్ స్టేడియంలో దీపాలు, సొంత గడ్డ మీద రెండవ రన్నరప్‌గా నిలిచిన తౌనావోజం స్ట్రెలా లువాంగ్. మూడు వారాలు తిరగకముందే, మే 3న అదే రాష్ట్రంలో హింస చెలరేగింది. వేల కుటుంబాలు ఇళ్లు వదిలి శిబిరాల్లో చేరాయి. పోటీకి, ఆ హింసకు సంబంధం లేదు. అయితే ఏప్రిల్‌లో మణిపూర్ అందాన్ని చూడమని దేశాన్ని పిలిచిన కెమెరాలు మే నెలలో ఎంతసేపు అక్కడే నిలిచాయన్నది ఆ రాష్ట్రంవారు అడగదగ్గ ప్రశ్న.

2025 మేలో మిస్ వరల్డ్ పోటీ హైదరాబాద్‌కు వచ్చినప్పుడు తెలంగాణ కూడా ఇలాంటి అనుభవాన్నే చూసింది. పోచంపల్లి ఇక్కత్, చార్మినార్, యాదగిరిగుట్ట అన్నీ ప్రపంచానికి కనిపించాయి, చేనేతకు పేరు వచ్చింది, మంచిదే. కానీ రామప్ప గుడి దగ్గర స్థానిక మహిళలు పోటీదారుల కాళ్లకు నీళ్లు పోసి తుడిచిన దృశ్యం చాలామంది మనసును నొప్పించింది. అది అతిథి మర్యాదే అని సమర్థించినవారూ ఉన్నారు. ఇంటికి వచ్చినవారికి కాళ్లకు నీళ్లివ్వడం మన మర్యాదే, కాదనను. అయితే చెంబు అందించడం వేరు, వంగి పాదాలు తుడవడం వేరు. ఆ దృశ్యంలో ములుగు ప్రాంతపు ఆడవాళ్లు ఆతిథేయులుగా గాక అలంకరణగా కనిపించారు.

జాతీయ పోటీ నిర్వాహకులు నిజంగా రాష్ట్రాల పేర్లు వాడుకోదలిస్తే చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. రాష్ట్ర స్థాయి ఎంపికను ఆ రాష్ట్రంలోనే, కనీసం రెండు మూడు జిల్లా కేంద్రాల్లో జరపవచ్చు, అక్కడి న్యాయనిర్ణేతలకు సగం స్థానమివ్వవచ్చు. ఏ ప్రతినిధి ఆ రాష్ట్రంలో ఎన్నేళ్లు నివసించిందో దాపరికం లేకుండా చెప్పవచ్చు, వలస కుటుంబాల పిల్లలకు అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఎత్తు నిబంధనను ఎత్తివేసి తీర్పును న్యాయనిర్ణేతల కంటికే వదిలేయవచ్చు. కొవిడ్ కాలంలో ప్రాథమిక ఎంపిక ఆన్‌లైన్‌లో జరిగింది. ప్రయాణ ఖర్చు, నగరంలో బస ఖర్చు భరించలేని అమ్మాయిలకు ఆ దారిని ఇకముందు కూడా తెరిచి ఉంచాలి.

భాష విషయంలో మాత్రం నేను రాజీపడలేను. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. తుది వేదిక మీద ప్రతి అమ్మాయీ వాటిలో తనకు నచ్చిన దానిలో జవాబు చెప్పవచ్చునని మొదటి ఆడిషన్ రోజునే ప్రకటించాలి, వేదిక పక్కన దుబాసీని కూర్చోబెట్టాలి. రాష్ట్ర పోటీల్లోనైతే ప్రశ్నలు కూడా ఆ రాష్ట్ర భాషలోనే అడగాలి. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పట్టీ ధరించిన అమ్మాయి ముంబయిలో మైకు అందుకుని ‘అందరికీ నమస్కారం’ అని మొదలుపెట్టి, చివరిదాకా తెలుగులోనే మాట్లాడవచ్చు.