గ్రంథాలయ వారోత్సవాలకు చదువుల పోటీ పెట్టాలా?

జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరుగుతాయి. ఆ వారంలో ఎక్కువ పుస్తకాలు చదివిన వారికి బహుమతి ఇవ్వాలని, చదివిన ప్రతి పుస్తకానికీ ఒక పేజీ సారాంశం రాయించాలని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు ప్రతిపాదించారు. గ్రంథాలయ బాధ్యత చూస్తున్న తెలుగు ఉపాధ్యాయిని ఒప్పుకోలేదు. వారిద్దరి మధ్య జరిగిన వాదమిది.

ప్రధానోపాధ్యాయులు: టీచరుగారూ, బహుమతి లేనిదే మన పిల్లలు పుస్తకాల బీరువా వైపు కన్నెత్తి చూడరు. ముందు బహుమతి కోసమే పట్టుకోనివ్వండి, పోను పోను అదే అలవాటవుతుంది.

ఉపాధ్యాయిని: అలవాటయ్యేది సారాంశం రాయడం, మాస్టారూ. నిరుడు ఇలాంటి పోటీకి వచ్చిన కాగితాలు నేనే దిద్దాను. చాలామంది అట్ట వెనుక అచ్చయిన నాలుగు వాక్యాలనే ఎత్తి రాశారు. ఒకమ్మాయి పుస్తకం వెల కూడా సారాంశంలో చేర్చింది. వాళ్లను తప్పుపట్టను. మనం కాగితం అడిగాం, వాళ్లు కాగితం ఇచ్చారు.

ప్రధానోపాధ్యాయులు: ఏమీ అడగకుండా వదిలేస్తే చదివారో, బొమ్మలు తిరగేసి పెట్టేశారో ఎలా తెలుస్తుంది? 2020లో మన ఆంధ్రప్రదేశ్‌లో ‘చదవడం మాకిష్టం’ అనే కార్యక్రమం మొదలైంది. ఆనాటి నుంచి తనిఖీకి వచ్చిన ప్రతివారూ గ్రంథాలయంలో ఏం చేస్తున్నారని అడుగుతూనే ఉన్నారు. పిల్లలు ఆనందించారని చెబితే వారు ఊరుకుంటారా?

ఉపాధ్యాయిని: బొమ్మలు తిరగేస్తే తిరగేయనివ్వండి. మన బీరువాలో పాముల మీద ఒక పుస్తకం ఉంది. దాని అట్ట ఊడింది, కుట్టు దారం బయటికి వచ్చింది, పేజీల అంచులు వేలిముద్రలతో నల్లబడ్డాయి. దాని పక్కనే ఉన్న నీతికథల సంపుటాల్లో కొన్ని పేజీలు ఇప్పటికీ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. పిల్లలు ఏం చదువుతున్నారో ఆ అరే చెబుతోంది, దానికి వేరే కాగితం ఎందుకు? గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికే అన్నది. వారోత్సవాల్లో నేను కోరేది కూడా అంతే. రోజూ ఒక పీరియడు పుస్తకాలన్నీ బల్లల మీద పరచాలి. ఎవరికి నచ్చింది వారు తీసుకోవాలి, నచ్చకపోతే మధ్యలో వదిలి ఇంకొకటి అందుకోవాలి. ఆ పీరియడులో మనమూ జవాబుపత్రాలు పక్కన పెట్టి వాళ్లకు కనబడేలా చదువుకోవాలి. సాయంత్రం నేనొక కథ బిగ్గరగా చదివి, బావిలోకి తొంగి చూసిన మనిషికి ఏం కనబడిందో చెప్పకుండా ఆపేస్తాను. మిగతాది కావలసిన వారు పుస్తకం అడిగి తీసుకుంటారు. ఆ తరువాత ఒక్క ప్రశ్న కూడా వేయను. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పినప్పుడు, ఎక్కిన ప్రయాణికుడిని సారాంశం రాసి దిగమన్నారా?

ప్రధానోపాధ్యాయులు: ఆ ప్రయాణికుడికి చదవడం వచ్చు, చేతిలో ఫోను లేదు. మన ఎనిమిదో తరగతిలో రెండో తరగతి పాఠాన్ని కూడబలుక్కుని చదివే పిల్లలు ఉన్నారు. మీరు బల్లల మీద పుస్తకాలు పరిస్తే, ఇప్పటికే చదవగలిగిన వాళ్లు ఇంకా చదువుతారు. రానివాళ్లు పుస్తకం తెరిచి పెట్టుకుని, చదువుతున్నట్టు పీరియడంతా నటిస్తారు. వాళ్లు ఇంకా వెనకబడతారు. మీరనే స్వేచ్ఛ ఎవరికి, టీచరుగారూ?

ఉపాధ్యాయిని: అది నిజమే. వాళ్లకు ఎంచుకునే స్వేచ్ఛ ఒక్కటే చాలదు. పక్కన కూర్చుని చదివించేవారు కావాలి. తొమ్మిదో తరగతి పిల్లలతో జతకట్టి చదివిద్దాం. కానీ మీ పోటీలో వాళ్లకు సున్నా వస్తుంది, ఆ సున్నాను నోటీసుబోర్డు మీద అందరూ చూస్తారు.

ప్రధానోపాధ్యాయులు: సరే, అలా బల్లల మీద పరిచిన పుస్తకాలు పోతే? స్టాకు రిజిస్టరులో సంతకం నాది. బదిలీ మీద ఛార్జి అప్పగించే రోజున, తక్కువ పడినవాటికి నా జేబులోంచి కట్టాలి.

ఉపాధ్యాయిని: మూడో బీరువా అడుగు అరలో చెదలు తిన్న పుస్తకాలకు ఎవరు కట్టారు? అవి తాళం వేసిన బీరువాలోనే పోయాయి, కాబట్టి రిజిస్టరులో భద్రంగా ఉన్నాయి. పిల్లవాడు ఇంటికి తీసుకెళ్లి తిరిగి తేని పుస్తకం ఒక్కటే మనకు నష్టంగా కనిపిస్తోంది.

ప్రధానోపాధ్యాయులు: చెదలకు పంచనామా రాసి రిజిస్టరులోంచి కొట్టేయవచ్చు. పిల్లవాడి మీద పంచనామా రాయమంటారా?

ఉపాధ్యాయిని: ఇంటికిచ్చే పుస్తకాలకు వేరే నోటుబుక్కు పెట్టండి, దానిలో సంతకం నేను చేస్తాను.

ప్రధానోపాధ్యాయులు: అలా అయితే సారాంశం నియమం తీసేస్తాను, మార్కులూ వద్దు. బహుమతులు మాత్రం ఉంటాయి. వాటి కోసం ఇప్పటికే దాతను అడిగాను.

ఉపాధ్యాయిని: ఉండనివ్వండి. కాకపోతే ఎక్కువ చదివిన వారికి కాదు, చీటీలు తీసి ఇద్దాం. బీరువా తాళాలు వారం రోజులూ తరగతి నాయకుల దగ్గర ఉండాలి.

ప్రధానోపాధ్యాయులు: చీటీలకు ఒప్పుకుంటాను. తాళాల సంగతి స్టాఫు మీటింగులో తేలుద్దాం.