యూపీఐ విదేశాలకు వెళ్తే మనకు లక్షల ఉద్యోగాలా?

"యూపీఐ ప్రపంచమంతా వెళ్తోంది, ఇక మన పిల్లలకు విదేశాల్లో లక్షల ఉద్యోగాలు" అనే మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. యూపీఐ బయటి దేశాలకు వెళ్లిన మాట నిజం, అందుకు గర్వపడాలి కూడా. ఉద్యోగాల మాట మాత్రం నిజం కాదు.

"ప్రతి దేశంలో ఆఫీసు తెరిచి మనవాళ్లనే తీసుకుంటారు" అంటున్నారు. ఈ పని చూసేది, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2020లో పెట్టిన ఎన్‌ఐపీఎల్ అనే అనుబంధ సంస్థ. అది ఒక దేశానికి వెళ్లిందంటే, అక్కడ అప్పటికే నడుస్తున్న కంపెనీతోనో ఆ దేశపు కేంద్ర బ్యాంకుతోనో ఒప్పందం చేసుకుందనే అర్థం. ఫ్రాన్స్‌లో లైరా, శ్రీలంకలో లంకాపే, నేపాల్‌లో ఫోన్‌పే (మన ఫోన్‌పే కాదు, అక్కడిదే వేరే కంపెనీ). 2024 ఫిబ్రవరిలో ఈఫిల్ టవర్ టికెట్లకు యూపీఐ వచ్చింది కదా, అక్కడ దుకాణాలను చేర్చుకునేదీ వాళ్ల గొడవలు చూసేదీ లైరా మనుషులే.

"లావాదేవీలు పెరిగితే ఉద్యోగాలూ అంతే పెరుగుతాయి" అనేది ఇంకోటి. 2023 ఆగస్టులో యూపీఐ ఒక్క నెలలో 1,000 కోట్ల లావాదేవీలు దాటింది, వాటిని ఎవరూ కౌంటర్‌లో కూర్చుని రాయలేదు. నమీబియా, పెరూ కేంద్ర బ్యాంకులు 2024లో యూపీఐ లాంటి వ్యవస్థ కోసం ఎన్‌ఐపీఎల్‌తో ఒప్పందం చేసుకున్నాయి, దాంతో ఇక్కడ ఇంజనీర్లకు, సైబర్ సెక్యూరిటీ వాళ్లకు మంచి పని దొరుకుతుంది, కానీ ఆ పని లక్షల మందికి సరిపోయేది కాదు.

ఇక "పేపాల్, స్ట్రైప్ వెళ్లినచోట వేల ఉద్యోగాలొచ్చాయి, మనకెందుకు రావు?" అనే ప్రశ్న. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే ఈ విదేశీ కంపెనీలు ఐర్లండ్‌లో సొంత ఆఫీసులు, కస్టమర్ సపోర్ట్ సెంటర్లు పెట్టారు, అందుకే అక్కడివాళ్లకు ఉద్యోగాలొచ్చాయి. అక్కడివాళ్లకు, ఆ తేడా గమనించండి. అదీ నిలకడగా లేదు: 2021లో ఐర్లండ్‌లో ఐదేళ్లలో 1,000 ఉద్యోగాలు ఇస్తామన్న స్ట్రైప్, 2022 నవంబర్‌లో ప్రపంచవ్యాప్తంగా 14 శాతం మందిని తీసేసింది.

మనకు నిజంగా దక్కిన లాభం వేరే ఉంది. 2023 ఫిబ్రవరిలో సింగపూర్‌లో యూపీఐ లాంటిదే అయిన పేనౌతో యూపీఐని కలిపారు, అక్కడ పనిచేసే మనవాళ్లు ఫోన్ నుంచే ఇంటికి డబ్బు పంపుకోవచ్చు. షేర్ చేయాలంటే ఇది చేయండి. ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ అసలే టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ఆ లక్షల ఉద్యోగాల మెసేజ్ పంపకండి, "విదేశీ యూపీఐ జాబ్" అని ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టకండి.