బొబ్బిలి తర్వాత ఏమైంది?

నాకు నవలల పిచ్చి. ఇండియా నుంచి తిరిగొచ్చే ప్రతిసారీ లగేజీ బరువు గురించి ఇంట్లో జరిగే గొడవకు కారణం అవే. అయితే యుద్ధం ఉన్న నవల ఏది ముగించినా బుర్రను తొలిచేది ఒకటే ప్రశ్న: ఆ తర్వాత ఏమైంది? ఆ సైన్యానికి జీతాలెవరిచ్చారు, గెలిచినవాడికి దక్కిందేమిటి? తెలుగులో వెతికితే నాకు దొరికేవి పాఠ్యపుస్తకంలో రెండు ముక్కలు, లేదా సావనీర్లలో వీరుడి మీద పొగడ్తలు.

బొబ్బిలినే తీసుకోండి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు కోట కూలింది, ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజును డేరాలోనే చంపాడు. బుర్రకథ అక్కడితో సరి, మనం కళ్లు తుడుచుకుని లేస్తాం. నన్నడిగితే అసలు కథ మొదలయ్యేది అక్కడే. విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు, 1758లో విశాఖపట్నం వాళ్ల చేతుల్లోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. ఈస్టిండియా కంపెనీ తరఫున క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను ఓడల్లో పంపాడు.

ఆ ఏడాది డిసెంబరులో పిఠాపురం దగ్గర చెందుర్తిలో రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. ఫోర్డ్ తెల్ల సైనికులు ఏపుగా పెరిగిన ఒక చేను చాటున ఉండిపోయారు. పక్కన ఎర్రకోట్లు తొడుక్కున్న సిపాయిలు కనబడేసరికి ఫ్రెంచివాళ్లు వాళ్లే అసలు ఇంగ్లీషు దళం అనుకుని మీద పడ్డారు, సిపాయిలు చెదిరిపోయారు, గెలిచేశాం అని ముందుకు ఉరికినవాళ్ల మీదికి చేను చాటు నుంచి తుపాకులు పేలాయి. కోటు రంగు, ఒక రైతు చేను! నవలలో రాస్తే ఇదేం కల్పనండీ అంటాం.

ఇక జీతాల సంగతి. ఆనందరాజు ఇస్తానన్న డబ్బు నాన్చుతూ పోయాడు, మచిలీపట్నం ముట్టడిలో ఉండగానే ఫోర్డ్ తెల్ల సైనికులు డబ్బుల కోసం తిరగబడ్డారు. అయినా 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ ఒక రాత్రి దాడి చేసి కోట పట్టాడు. ఫ్రెంచివాళ్లకు సాయంగా సైన్యంతో వచ్చిన హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్ గాలి ఎటు తిరిగిందో చూసి ఇంగ్లీషువాళ్లతోనే ఒప్పందం చేసుకున్నాడు. కోస్తాలో ఫ్రెంచి పెత్తనానికి అలా తెరపడింది. ఇంత పెద్ద మలుపు మనలో ఎంతమందికి తెలుసు?

ఇదంతా రాబర్ట్ ఓర్మ్ 18వ శతాబ్దంలోనే ఇంగ్లీషులో రాసిపెట్టాడు, ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. కానీ అది కంపెనీ మనిషి రాసిన కంపెనీ కథ. చెందుర్తి రైతు గోల అందులో ఎవడికి కావాలి?

నాకు నవలల మీద కోపం లేదు, ఈ ఆకలి అంటించిందే అవి. నా గోలంతా ఇక్కడ విదేశాల్లో ఉన్న మన తెలుగు సంఘాల మీద. ఏటా కథల పోటీ, కవితల పోటీ పెడతాం కదా, ఆ పక్కనే యుద్ధ చరిత్ర వ్యాసానికీ ఒక బహుమతి పెడితే ఏం పోయింది? తాడేపల్లిగూడెం దగ్గర ఇంటింటా సైనికులున్న ఊరని మిలిటరీ మాధవరం అనే పేరొచ్చిన పల్లె ఉంది. అలాంటి ఊళ్ల నుంచి పిల్లల్ని చూడ్డానికి ఇక్కడికొచ్చే రిటైర్డు సుబేదార్లు పార్కు బెంచీల మీద బోరు కొట్టి కూర్చుంటారు. శాలువా కప్పి ఫొటో దిగడం కాదు, పక్కన కూర్చుని రికార్డు చేయండి, రేషను ఎలా అందేదో, బూట్లు తడిస్తే ఏం చేసేవారో అడగండి.

ఇక నవలాకారులకు ఒక మాట. చెందుర్తి మీద రాసే ఓపిక ఎవరికైనా ఉంటే నాకు రెండు కాపీలు ఇప్పుడే పక్కన పెట్టేయండి. చివర్లో ఒక మ్యాపు మాత్రం తప్పకుండా వేయించండి.